సాక్షి లేని చోట దేవుడి మీద ఒట్టు

అన్నలూ, తమ్ముళ్లూ, జీతం పంచాయితీలు మనకు కొత్త కాదు. బైబిల్లో ఆదికాండము 31వ అధ్యాయంలో కూడా అలాంటిదే ఒకటి ఉంది. అందులో యజమాని మామ, పనివాడు అల్లుడు. మనలో ఎవరి మతం ఏదైనా, దేశం పోయి పనిచేసినవాళ్లకు ఇది తెలిసిన గోడే.

యాకోబు ఇల్లు విడిచి హారానులో ఉన్న మేనమామ లాబాను దగ్గరికి పోయాడు. మన మేనరికం లాగే మామ కూతురు రాహేలును అడిగాడు. ఆమె కోసం 7 ఏళ్లు పనిచేస్తే పెద్దమ్మాయి లేయాను అంటగట్టారు. రాహేలు కోసం మళ్లీ 7 ఏళ్లు, మందల కోసం ఇంకో 6. మొత్తం 20 ఏళ్లు. ఆ మధ్యలో జీతం పదిసార్లు మార్చారని యాకోబు బాధ. చివరికి భార్యాపిల్లల్ని, మందల్ని తీసుకుని చెప్పకుండా బయల్దేరాడు. లాబాను 7 రోజులు వెంటబడి గిలాదు కొండల్లో కలుసుకున్నాడు.

అక్కడ యాకోబు కడుపులోది కక్కేశాడు. మృగాలు చీల్చిన జీవాల నష్టం తానే భరించాడట. పగలు పోయినా రాత్రి పోయినా లెక్క తన దగ్గరే వసూలు చేశారట. ఈ మాట బరువు తెలియాలంటే పాత చట్టాలు చూడాలి. క్రీ.పూ. 18వ శతాబ్దపు బాబిలోను రాజు హమ్మురాబి శాసనంలో 266వ నియమం ఉంది. దొడ్లో తెగులు పడినా, సింహం చంపినా, కాపరి దేవుడి ముందు ప్రమాణం చేస్తే నష్టం యజమానిదే. నిర్గమకాండము 22లోనూ అంతే. కాయమని ఇచ్చిన పశువు ఎవరూ చూడకుండా చచ్చిపోతే కాపరి ఒట్టు చాలు, యజమాని ఒప్పుకోవాలి. దొంగలు ఎత్తుకుపోతే మాత్రం కాపరే కట్టాలి. అడవిలో మంద వెనక తిరిగేవాడికి సాక్షి ఎవరుంటారు? వాడికి ఆ ఒట్టే దిక్కు. యాకోబు మాటల్లో ఆ దిక్కు కూడా కనబడదు.

లాబాను తగ్గలేదు. కూతుళ్లు నావాళ్లు, మంద నాది అన్నాడు. అయినా ఒప్పందానికి వచ్చాడు. రాళ్లు కుప్ప పోసి, దాని దగ్గరే కలిసి తిన్నారు. సాక్షి కుప్ప అని లాబాను అరామిక్ భాషలో, యాకోబు హెబ్రీలో పేరు పెట్టారు. చెడు తలపెట్టి ఎవరూ ఆ కుప్ప దాటకూడదు. నా కూతుళ్లను బాధపెట్టినా, వాళ్లమీద వేరే పెళ్లి చేసుకున్నా మనుషులు చూడకపోవచ్చు గానీ దేవుడు చూస్తాడని లాబాను షరతు పెట్టాడు. అబ్రాహాము దేవుడు, నాహోరు దేవుడు తీర్పరి అన్నాడు. యాకోబు తన తండ్రి ఇస్సాకు భయపడే దేవుడి మీద ప్రమాణం చేశాడు.

లెక్కలు తేలలేదు. రాహేలు ఒంటె సామానులో దాచిన తండ్రి గృహదేవతల సంగతీ బయటపడలేదు. అయినా తెల్లారి లాబాను కూతుళ్లను, మనవళ్లను ముద్దుపెట్టుకుని వెనక్కి పోయాడు. దూరదేశం పోతున్న ఆడపిల్లలకు ఆ ఒట్టు కాపలా అయింది. మంద కాసినన్నాళ్లూ అల్లుడికి మాత్రం అలాంటి కాపలా దొరకలేదు.

ఇక్కడ ఎడారిలో గొర్లు, ఒంటెలు కాసే మనోళ్లు ఎవరైనా ఇది చదివితే చెప్పండి. చచ్చిన జీవం లెక్క మీ దగ్గర ఎవరి మీద పడుతోంది? అడిగితే మీ మాట నమ్ముతున్నారా?