1024 సిలిండర్లు దాటకూడని రోజులు

పదహారు టీబీ డిస్క్ తెచ్చుకున్నారు, లినక్స్ ఎక్కించేటప్పుడు దాన్ని ముక్కలు చెయ్యాలా, మొత్తం ఒకే పార్టిషన్‌గా వదిలెయ్యాలా అని అడుగుతున్నారు. చెప్తాను పిల్లలూ. కానీ అప్పట్లో మేం ఎందుకు ముక్కలు చేసేవాళ్లమో వింటే, ఇప్పుడు ఏది ఉంచుకోవాలో ఏది వదిలెయ్యాలో మీకే తెలిసిపోతుంది. ఇలా దగ్గరికి జరగండి.

తొంభైల చివర్లో హైదరాబాద్‌లో లినక్స్ కావాలంటే డౌన్‌లోడ్ చేసుకునే వీలెక్కడిది? ఫోన్ లైన్‌కి తగిలించిన మోడెమ్ మీద ఒక సీడీకి సరిపడా సరుకు దింపాలంటే, పగలూ రాత్రీ లైన్ పట్టుకుని కూర్చున్నా ఒక రోజులో అయ్యేది కాదు. పీసీక్వెస్ట్ పత్రికతో పాటు లినక్స్ సీడీ ఇచ్చేవాళ్లు. ఆ సంచిక చేతికొచ్చిన రోజు మాకు పండగ. డిస్కులూ కేబుళ్లూ కావాలంటే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పోయేవాళ్లం. నాలుగు జీబీ అంటే అప్పుడు పెద్ద డిస్కే. ఎంత పెద్ద డిస్క్ కొంటే అన్ని చిక్కులు.

అన్నిటికంటే పెద్ద చిక్కు 1024 అనే అంకె. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ పది ఎంబీ డిస్క్‌తో వచ్చింది. దాంతో వచ్చిన డాస్ 2.0లోనే పార్టిషన్ పట్టిక ఎలా ఉండాలో తేల్చేశారు. మొదటి సెక్టార్ మొత్తం 512 బైట్లు, అందులో పట్టికకు దక్కింది 64. ఒక్కో పార్టిషన్‌కు పదహారు బైట్ల చొప్పున నాలుగింటికే చోటు. ఇక బయోస్ డిస్క్ చదవాలంటే దానికి సిలిండర్, హెడ్, సెక్టార్ అని మూడు అంకెలు చెప్పాలి. సిలిండర్‌కు కేటాయించింది పది బిట్లు. పది బిట్లలో 1024కు మించి పట్టవు. ఐడీఈ డిస్కులకు పదహారు హెడ్లు హద్దు, బయోస్‌కు 63 సెక్టార్లు హద్దు. గుణించి చూడండి, 528 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. తర్వాత బయోస్ రాసేవాళ్లు హెడ్లు 255 ఉన్నట్టు లెక్క చూపించి దాన్ని 8.4 జీబీ దాకా లాగారు. హద్దు జరిగింది గానీ పోలేదు.

లినక్స్ కెర్నల్‌కు బయోస్‌తో పనిలేదు. ఒకసారి లేచిందంటే డిస్క్‌తో తనే నేరుగా మాట్లాడుకుంటుంది. తంటా అంతా లేవకముందే. అప్పటి బూట్ లోడర్ లైలో. దానికి ఫైల్ సిస్టమ్ అంటే తెలియదు. కెర్నల్ ఫైల్ ఏ ఏ సెక్టార్లలో ఉందో ముందే చిట్టా రాసిపెట్టుకుని, మిషన్ ఆన్ కాగానే వాటిని తెచ్చిపెట్టమని బయోస్‌ను అడుగుతుంది. బయోస్ చెయ్యి 1024 సిలిండర్ల అవతలికి అందదు.

ఇప్పుడు ఆలోచించండి. ఇరవై జీబీ డిస్క్, మొత్తం ఒకటే రూట్ పార్టిషన్. ఎక్కించిన రోజు డిస్క్ ఖాళీ కాబట్టి కెర్నల్ ముందు భాగంలోనే పడింది, మిషన్ చక్కగా లేచింది. నెలలు గడిచాయి, డిస్క్ నిండింది. ఎవరో కొత్త కెర్నల్ కంపైల్ చేశారు. ఫైల్ సిస్టమ్ దాన్ని పదకొండో జీబీలో ఎక్కడో పెట్టింది. లైలో నడిపితే సిలిండర్ అంకె మరీ పెద్దదని మొండికేసింది. పాత కెర్నల్ అప్పటికే చెరిపేశారు. ఇక రీబూట్ చేస్తే లేచే దారేది? బయోస్ చెప్పే లెక్కకూ లినక్స్ వేసుకున్న లెక్కకూ పొంతన కుదరకపోతే ఇంకో రకం బాధ: తెర మీద ఎల్, ఐ అని రెండే అక్షరాలు పడి మిషన్ బిగుసుకుపోయేది. ఆ రెండక్షరాలు చూసి అర్ధరాత్రి నన్ను పిలిచినవాళ్లు చాలామంది.

అందుకే డిస్క్ మొదట్లో ఇరవై ఎంబీ ముక్క కోసి స్లాష్ బూట్‌కు ఇచ్చేవాళ్లం. కెర్నల్ ఎన్నిసార్లు మార్చినా ఆ ఇరవై ఎంబీ దాటిపోదు. 2000 ప్రాంతంలో లైలోకు కొత్త పద్ధతి వచ్చి ఈ అడ్డు తొలగింది. ఆ తర్వాత కూడా కారణం తెలియకుండానే ఎంతోమంది ఆ ముక్క కోస్తూనే ఉన్నారు.

స్లాష్ యూఎస్‌ఆర్‌ను వేరు చెయ్యడం సంగతీ అంతే, అది మాకంటే పెద్దల ముచ్చట. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్‌ను పీడీపీ-11 మీద పెంచుతున్న రోజులు. వాళ్ల ఆర్‌కే05 డిస్క్ ఒక్కోటి రెండున్నర ఎంబీ. వాడేవాళ్ల సొంత ఫైళ్లు స్లాష్ యూఎస్‌ఆర్ పేరుతో రెండో డిస్క్ మీద ఉండేవి. మొదటి డిస్క్ నిండిపోయింది, సిస్టమ్ ప్రోగ్రాములు కొన్ని రెండోదాని మీదికి పొర్లాయి. అయితే రెండో డిస్క్‌ను మౌంట్ చేసే కమాండ్ మాత్రం మొదటి డిస్క్ మీదే ఉండాలి కదా. అలా మొదలైంది రెండు చోట్ల ప్రోగ్రాముల బిన్ పెట్టే ఆచారం. రెండున్నర ఎంబీ ఇరుకులో పుట్టిన ఏర్పాటు నలభై ఏళ్లు నడిచింది. 2012లో ఫెడోరా 17 రెండింటినీ కలిపేసింది. మంచి పని చేసింది, ఇంకా ముందే చెయ్యాల్సింది.

ఇక కరెంటు కోతల మాట. అప్పటి ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టీ2, దానికి జర్నల్ లేదు. కరెంటు పోయి వచ్చిందంటే ఎఫ్ఎస్‌సీకే డిస్క్ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తడుముకుంటూ రావాలి. డిస్క్ ఎంత పెద్దదైతే అంతసేపు. యూపీఎస్ బ్యాటరీ చచ్చిన ఆఫీసుల్లో ఆ తనిఖీ నడుస్తుండగానే మళ్లీ కరెంటు పోయేది. అలాంటప్పుడు రూట్ చిన్న పార్టిషన్ అయితే త్వరగా తేలి మిషన్ లేచేది, పెద్ద డేటా పార్టిషన్ సంగతి నింపాదిగా చూసుకునేవాళ్లం. 2001 చివర్లో జర్నల్ ఉన్న ఎక్స్‌టీ3 కెర్నల్‌లోకి వచ్చాక ఆ ఎదురుచూపులు పోయాయి. ఆ జర్నల్ విలువ కోతలు పడ్డవాళ్లకే తెలుస్తుంది.

స్లాష్ వార్‌ను వేరు చెయ్యడానికి మాత్రం కారణం ఇప్పటికీ బతికే ఉంది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో మెయిల్ సర్వర్‌కూ బయటి మిషన్ ఒకదానికీ ఆటోమేటిక్ జవాబుల పోటీ పడింది. ఇది పంపిన దానికి అది, అది పంపిన దానికి ఇది, రాత్రంతా. తెల్లారేసరికి మెయిళ్ల క్యూ ఉండే స్లాష్ వార్ నూటికి నూరు నిండిపోయింది. రూట్‌లో చోటుంది కాబట్టి లాగిన్ అయ్యాం, క్యూ ఖాళీ చేశాం. స్లాష్ హోమ్‌లో పని చేసుకుంటున్నవాళ్లకు ఏం జరిగిందో కూడా తెలియదు. పొలంలో గట్టు చేసే పని అదే కదా, ఒక మడిలో నీళ్లెక్కువైతే పక్క మడి మునగదు. గట్టు కూడా కాస్త నేల తింటుంది, నిజమే. అవసరమున్న చోట వెయ్యాలి.

డిస్కులు పెరిగాయి, కొత్త హద్దులు వరసగా తగులుతూ వచ్చాయి. కొన్ని బయోస్‌లు 32 జీబీ దాటితే మిషన్‌నే లేవనిచ్చేవి కావు. డిస్క్ వెనకాల జంపర్ మార్చి, పెద్ద డిస్క్‌ను చిన్నదిగా చూపించేవాళ్లం. 28 బిట్ల చిరునామాతో 137 జీబీ దగ్గర ఇంకో హద్దు. ఆ తర్వాతది మీకు తగిలేది: 1983 నాటి పట్టికలో సెక్టార్ అంకెకు 32 బిట్లే. 512 బైట్ల సెక్టార్లతో 2.2 టీబీ, అంతే. మూడు టీబీ డిస్క్ కొన్నవాడికి పాత సాఫ్ట్‌వేర్ 746 జీబీ చూపించిన రోజులున్నాయి. లెక్క చుట్టు తిరిగి మొదటికొచ్చి, మిగిలింది చూపించేది.

కాబట్టి మీ డిస్క్‌కు జీపీటీ పట్టికే పెట్టండి, వేరే మాట లేదు. అందులో 64 బిట్ల అంకెలు, మామూలుగా 128 పార్టిషన్లకు చోటు, డిస్క్ చివర ఇంకో నకలు. మిషన్ యూఈఎఫ్ఐ అయితే ఫ్యాట్ ఫార్మాట్‌లో ఈఎస్‌పీ ముక్క ఒకటి కావాలి. పాత బయోస్ మిషన్‌లో గ్రబ్‌తో జీపీటీ వాడాలంటే ఒక ఎంబీ బయోస్ బూట్ ముక్క చాలు. మొదటి పార్టిషన్ 2048వ సెక్టార్ దగ్గర మొదలవనివ్వండి. పాతకాలంలో లాగా 63 దగ్గర మొదలుపెడితే, 4096 బైట్ల సెక్టార్లున్న ఇప్పటి డిస్క్ రాసేటప్పుడు నీరసపడుతుంది.

స్వాప్ మెమరీకి రెట్టింపు అన్న మాట 64 ఎంబీ మెమరీ రోజులది, మరిచిపోండి. హైబర్నేట్ చేస్తేనే మెమరీ అంత స్వాప్ కావాలి.

నా మాటగా చెప్తున్నాను, సిస్టమ్‌ను చిన్న ఎస్ఎస్‌డీ మీద పెట్టి, పదహారు టీబీ మొత్తం డేటాకే వదలండి. ఎల్‌వీఎం మీద వేస్తే మొదట కావలసినంతే ఇచ్చి, మిగిలింది ఎవరికీ రాయకుండా ఉంచండి. పెంచడం తేలిక. ఎక్స్ఎఫ్ఎస్‌ను పెంచగలరు గానీ తగ్గించలేరు. ఎక్స్‌టీ4 అయితే నూటికి అయిదు రూట్ యూజర్ కోసం దాచిపెడుతుంది. పదహారు టీబీలో అది ఎనిమిది వందల జీబీ! డేటా డిస్క్‌కు ఆ దాపరికం అక్కర్లేదు, ట్యూన్‌2ఎఫ్ఎస్‌తో తగ్గించుకోండి. ఫ్రీబీఎస్‌డీ వేసేవాళ్లు జెడ్ఎఫ్ఎస్ వాడితే ముందుగా కొలతలు గీసే పనే లేదు, ఒకటే పూల్, లోపల దేనికెంతో కోటా ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. సెకనుకు 200 ఎంబీ చొప్పున చదివినా ఈ డిస్క్ ఒకసారి పూర్తిగా చదవడానికి ఇరవై రెండు గంటలు పడుతుంది. రైడ్‌లో డిస్క్ పోతే, కొత్తది నిండేదాకా అంతసేపూ మిగిలిన డిస్కుల మీదే భారం. బ్యాకప్ ఇంకో డిస్క్ మీద, వీలైతే ఇంకో ఇంట్లో ఉండాలి.

రేపు ఇన్‌స్టాల్ మొదలుపెట్టేముందు పాత ఫొటోలున్న డిస్క్ కేబుల్ పీకి పక్కన పెట్టండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు బూట్ బూట్‌కీ తారుమారు కావచ్చు. అందుకని డిస్క్ సీరియల్ నంబర్ చూసి, ఇదేనని అందరూ ఒప్పుకున్నాకే, పట్టికను డిస్క్ మీద రాసే ‘రైట్’ నొక్కండి.