మణికట్టులో ఇరుకుదారి

అర్ధరాత్రి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ రావడం, చెయ్యి విదిలిస్తే కాస్త నెమ్మదించడం మన సభ్యుల్లో కొందరు ఎరిగిన బాధే. కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అనే ఈ జబ్బు కొత్తది కాదు. 1880లోనే బోస్టన్ వైద్యుడు పట్నమ్ ఇలాంటి రోగులు 37 మందిని గురించి రాశారు. లోపం ఎక్కడుందో మాత్రం తేలలేదు.

మణికట్టు ఎముకలకూ, వాటిపై అడ్డంగా ఉండే గట్టి లిగమెంటుకూ నడుమ ఇరుకైన దారి ఉంది. వేళ్లను ముడిచే 9 టెండన్లూ, మీడియన్ నరమూ అందులోంచే పోవాలి. లోపల వాపు వస్తే నలిగేది నరమే. 1913లో ఫ్రెంచి వైద్యులు పియేర్ మారీ, ఫ్వా చనిపోయిన 80 ఏళ్ల రోగి చేతులు కోసి చూసి ఈ సంగతి కనిపెట్టారు. వేళకు లిగమెంటు కోస్తే కండ క్షీణించకుండా ఆపవచ్చుననీ సూచించారు. అయినా ఎవరూ పట్టించుకోలేదు! మెడలో లోపమనుకుని ఆ తర్వాత కూడా ఎందరికో అక్కడి పక్కటెముక తీసేశారు. చేతి జబ్బుకు మెడ కోయించుకున్నవారి అవస్థ ఊహించండి.

మణికట్టు ఆపరేషన్ గురించి లియర్మంత్ ప్రచురించింది 1933లో. దానిని అందరికీ తెలియజేసింది 1950 నుంచి వరసగా రాసిన అమెరికా డాక్టరు ఫేలెన్. మణికట్లు వంచి నిమిషంపాటు ఉంచే పరీక్ష ఆయన పేరిటే ఉంది.

ఇప్పుడు ముందుగా రాత్రిపూట స్ప్లింటు కడతారు, ఇంజెక్షన్ ఇస్తారు. తగ్గకపోతేనే ఆపరేషన్. చేతికి మాత్రమే మత్తిచ్చి చేస్తారు, సాధారణంగా అదేరోజు ఇంటికి పంపుతారు. అయితే బొటనవేలి మొదట్లో కండ ఎండిపోయాక వెళితే పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.