పాటదారు లేని ఇల్లు

మన కోస్తా కూలీలు ఒకప్పుడు ఓడలెక్కి వెళ్లి దిగిన రంగూన్‌లో, ఇన్యా సరస్సు ఒడ్డున ఒక రెండంతస్తుల ఇల్లుంది. యూనివర్సిటీ అవెన్యూ, 54వ నంబరు. దాదాపు రెండెకరాల స్థలం. ఇంతటి ఇంటిని కొనేవాడు లేకపోయాడు.

1947 జూలై 19న బర్మా స్వాతంత్య్ర నాయకుడు జనరల్ ఆంగ్ సాన్‌ను కాల్చి చంపారు. 1953లో ఆయన రెండో కొడుకు పాత ఇంటి కొలనులో మునిగి చనిపోయాడు. ఆ దుఃఖంతో తల్లి ఖిన్ చీ, మిగిలిన ఇద్దరు పిల్లల్నీ తీసుకుని ఈ ఇంటికి మారింది. కొడుకు ఆంగ్ సాన్ ఊ, కూతురు ఆంగ్ సాన్ సూకీ. 1988 డిసెంబరు 27న ఆ తల్లీ పోయింది.

వీలునామా సంగతి తలెత్తలేదు. బర్మా బౌద్ధుడు వీలునామా రాసినా అది చెల్లదు. 1898 నాటి బర్మా చట్టాల యాక్టు వారసత్వాన్ని ఎవరి ధర్మానికి వారిని వదిలేసింది: బౌద్ధులకు బౌద్ధ ధర్మశాస్త్రం, హిందువులకు హిందూ లా, ముస్లింలకు వారి లా. బౌద్ధుల పద్ధతిలో కూతురికీ కొడుకుతో పాటు వాటా ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణ వచ్చేదాకా ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు జన్మహక్కు లేదు, అదీ పెళ్లికాని పిల్లకే ఇచ్చారు. ఈ ఒక్క విషయంలో బర్మా వాళ్లు మనకంటే ముందున్నారు. కాబట్టి అన్నాచెల్లెళ్లకు చెరిసగం. లెక్క అంత సులువు. చిక్కల్లా ఆ ఇంట్లో ఎవరున్నారన్నదే.

1989 జూలై 20న, ప్రజాస్వామ్య ఉద్యమాన్ని నడిపిస్తున్న సూకీని సైనిక పాలకులు అదే ఇంట్లో నిర్బంధించారు. తెరలు తెరలుగా పదిహేనేళ్ల గృహనిర్బంధం. విడుదలైనప్పుడల్లా ఆ గేటు ముందు జనం చేరేవారు, ఆమె లోపలి నుంచే మాట్లాడేది. 1999లో భర్త విదేశంలో పోతే కడసారి చూపూ లేదు, వెళితే తిరిగి రానివ్వరని. 2008 నర్గీస్ తుపానుకు పైకప్పు దెబ్బతింది. తరువాత 2012లో ఒబామా వచ్చి నిలబడిందీ ఆ వాకిట్లోనే.

ఈ మధ్యలోనే, 2000లో, అమెరికాలో ఇంజనీరుగా స్థిరపడిన అన్న వాటా కోసం దావా వేశాడు. వెనక సైనిక పాలకులున్నారని చాలామంది అనుకున్నారు. 1987 చట్టం ప్రకారం విదేశీయుడు అక్కడ స్థిరాస్తి పొందడానికి వీల్లేదు, ఆయనేమో అమెరికా పౌరుడు. 2001 జనవరిలో సాంకేతిక కారణంతో దావా కొట్టేశారు, ఆయన మళ్లీ వేశాడు. 2016లో రంగూన్ కోర్టు స్థలాన్ని రెండుగా పంచి, పెద్ద ఇల్లు చెల్లెలికీ, పక్కనున్న చిన్న ఇల్లు అన్నకూ ఇచ్చింది. నా మటుకు అది పెద్దమనుషులు చేసినట్టి తీర్పే. ఆయనకు అది చాల్లేదు: మొత్తం అమ్మి డబ్బు పంచమని అప్పీలు చేశాడు.

2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుని సూకీని బంధించింది. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు అన్న కోరిక మన్నించింది. అప్పటికి ప్రతివాది చెరలో ఉంది. ఆమెకు పడిన శిక్షలన్నీ కలిపితే 33 ఏళ్లు, తరువాత 27కి తగ్గించారు. విచారణలు ముగిశాక వకీళ్లనూ కలవనివ్వలేదు. పేరుకిది భాగపంపకం. ఒక పక్షం నోరు నొక్కి ఇచ్చిన డిక్రీని ఏ న్యాయవాదీ మనస్ఫూర్తిగా డిక్రీ అనలేడు.

2024 జనవరిలో కమాయుత్ జిల్లా కోర్టు వేలానికి ఆదేశించింది. మార్చి 20న పాట 31,500 కోట్ల చాట్ల దగ్గర మొదలుపెట్టారు, అధికారిక రేటున 15 కోట్ల డాలర్లు. ఒక్కరూ పాడలేదు. ఆగస్టులో ధర 30,000 కోట్లకు దించారు, 2025 ఫిబ్రవరిలో 29,700 కోట్లకు. అప్పుడూ అంతే. జనం కళ్లలో ఆ ఇంటిని కొన్నవాడిగా మిగలడానికి డబ్బున్నవాడికీ ధైర్యం ఉండాలి మరి. 2025 ఏప్రిల్ 29న 27,000 కోట్లకు నాలుగోసారి పాట పెట్టారు. పాటదారు రాలేదు.