మిషను ఎక్కడ, చేయి ఎక్కడ: ముల్కనూరు నుంచి నేర్చుకునే పాఠం



వ్యాపారం కొంచెం పెరగంగనే ప్రతి సంఘంలో ఒక మాట లేస్తది: "ఇగ మిషను కొందామా?" కారం పట్టేదైనా, పిండి పట్టేదైనా, ప్యాకెట్లు అతికేదైనా సరే. కొంటే అప్పు. కొనకపోతే ఆర్డరు చేజారుతదని భయం. ఈ ప్రశ్న మనకే కొత్తగా రాలేదు. మన పక్క ఊళ్లలోనే దీన్ని ఎదుర్కొని నిలబడ్డవాళ్లు ఉన్నారు.

భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరు పాత కరీంనగర్ జిల్లాలోది, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారు ముందుండి అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు పెట్టించారు. రైతులకు అప్పులు, విత్తనాలు, ఎరువులు అందించడంతో పని మొదలైంది. తర్వాత సభ్యులు పండించిన వడ్లు, పత్తి అమ్మిపెట్టే బాధ్యత కూడా మీద పడింది. అప్పుడు రైసుమిల్లు, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లు వచ్చాయి. ఈ వరుసను గమనించాలె. ముందు సభ్యులు, తర్వాత సరుకు, ఆ తర్వాతనే మిల్లు. మిల్లు కట్టి సరుకు కోసం ఎదురుచూడలేదు.

అదే ప్రాంతంలో 1990లలో మహిళల పొదుపు సంఘాలు బలపడ్డాయి. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. సర్కారు వాటాధనం లేకుండా, సభ్యులే తమ సంఘాన్ని నడుపుకునే దారి దొరికింది. ఆ తర్వాత సహవికాస సంస్థ తోడ్పాటుతో ముల్కనూరు మహిళల పాల సహకార సంఘం పుట్టింది. సభ్యులూ, పాలకవర్గమూ అంతా మహిళలే. వాళ్ల పాలు "స్వకృషి" పేరుతో అమ్ముడుపోతున్నాయి. పొదుపు పుస్తకం రాసుకున్న చేతులే డెయిరీని నడిపాయి.

డెయిరీలో మిషను ఎందుకు కావాలో బర్రెను మేపే ప్రతి అక్కకూ తెలుసు. పిండిన పాలు ఒంటి వేడితో ఉంటయి. మన ఎండాకాలంలో కొన్ని గంటలు దాటితే విరిగే భయమే. వాటిని తొందరగా 4 డిగ్రీల దాకా చల్లబరచాలె. ఆ పని చేతులతో కాదు. పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు కాచి, వెంటనే చల్లార్చి, సంచిలో మూసే పని కూడా అంతే.

వెన్న శాతం పరీక్ష మరో సంగతి. ఇది నమ్మకానికి సంబంధించింది. పాత పద్ధతిలో యాసిడ్ పోసి, గాజు గొట్టాన్ని తిప్పి చూసేవాళ్లు. అంకె చదివే మనిషి మీద అనుమానం వస్తే గొడవే. ఎలక్ట్రానిక్ మిషను అందరి ముందు అంకె చూపిస్తది. బర్రెను చూసుకోవడం, పాలు పిండడం, కేంద్రంలో పాలు పోయించుకుని లెక్క రాయడం మాత్రం మనుషుల పనే.

గుజరాత్‌లోని ఆనంద్ కూడా ఇదే చెబుతుంది. చలికాలంలో పాలు ఎక్కువయ్యేవి, బొంబాయి అన్నీ తీసుకునేది కాదు. మిగిలిన పాలు రైతుకు నష్టం. బర్రె పాలతో పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు అన్నా, హెచ్.ఎం. దలాయా చేసి చూపించారు. 1955 అక్టోబరు 31న నెహ్రూ ఆ ఫ్యాక్టరీని ప్రారంభించారు. ఆ మిషను సభ్యుల నష్టాన్ని ఆపడానికి వచ్చింది.

లిజ్జత్ పాపడ్ దారి వేరు. 1959లో బొంబాయిలో ఏడుగురు మహిళలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టారు. పిండి ఒక్కచోట కలుపుతారు, అప్పడాలు మాత్రం అక్కలు ఇండ్లలో చేత్తోనే ఒత్తుతారు. ఒత్తడమే వాళ్ల కూలి. అది మిషనుకు ఇస్తే సంఘానికి లాభం పెరగొచ్చు, కానీ సభ్యురాలికి ఏం మిగులుతది? బీడీలు చుట్టే మన కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ అక్కలకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇగ లెక్క చూద్దాం. ఒక మిషను గంటకు 50 కిలోల కారం పడుతదనుకుందాం. మనకు వారానికి 60 కిలోల ఆర్డరే ఉంది. అంటే అది గంటకు కొంచెం పైన పనిచేసి, మిగతా వారమంతా మూలకు ఉంటది. కిస్తీ మాత్రం ప్రతి నెలా నడుస్తది. అప్పటిదాకా ఊళ్లోని గిర్నీలో కిరాయికి పట్టించుకోవడమే మేలు.

కాబట్టి మిషను తీర్మానం రాసే ముందు ఈ మూడు ప్రశ్నలు, వాటి జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయండి. ఒకటి, చేత్తో చేస్తే సరుకు పాడవుతున్నదా, తూకంలోనో నాణ్యతలోనో నమ్మకం పోతున్నదా? రెండు, ఈ మిషను ఏ అక్క కూలి తీసుకుంటది, ఆమెకు బదులు ఏ పని చూపిస్తం? మూడు, కిస్తీ కట్టేంత ఆర్డరు ఇప్పుడు చేతిలో ఉన్నదా, లేక వస్తదని ఆశనా?

రెండో ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది అధ్యక్షురాలు కాదు. ఆ పని చేస్తున్న అక్కనే సమావేశంలో లేపి అడగండి. ఆమె మాట విన్న తర్వాతనే సంతకాలు పెట్టండి.