భూటాను: కొండ, మఠము, బాట

హిమాలయ సానువులందలి భూటానులో లోయలను వేరుచేసిన కొండలే వేరువేరు భాషలను, ఆచారములను నిలిపినవి. 1616లో టిబెట్టునుండి వచ్చిన న్గవాంగ్ నంగ్యాల్ అను బౌద్ధాచార్యుడు ఆ లోయలను ఏకము చేసెను. ఆయన 1637–38లో కట్టించిన పునాఖా కోటలో మఠమును, పరిపాలన కార్యాలయమును నేటికిని ఒకే ప్రాకారమున నున్నవి.

1958లో నెహ్రూ గారు కనుమలు దాటి గుఱ్ఱముపై భూటానుకు వెళ్లవలసివచ్చెను. 1962 నాటికి ఫుంట్‌షోలింగు నుండి థింపూకు మోటారు బాట పడినది. 1999లో టెలివిజన్ ప్రవేశించినది. తలుపులు తెరచినను ఆ జాతి తన హద్దు మరువలేదు. దేశమున నూటికి 60 వంతులకు తక్కువ గాకుండ ఎల్లకాలము అడవి యుండవలెనని 2008 నాటి రాజ్యాంగము శాసించినది.

అయినను చదువుకొన్న యువకులు అనేకులు నేడు పరదేశములకు తరలిపోవుచున్నారు. అడవిని శాసనము కాపాడగలదు. లోయలలోని చిన్న భాషలను మాత్రము వాటిని పలుకు పిల్లలే కాపాడవలెను.