తెల్ల పాము వెల

రియో డి జనీరోకు గ్వానబారా అఖాతం అవతలి ఒడ్డున ఉంటుంది నితెరోయ్ నగరం. కొండలు, వాటి మీద అడవి, ఆ అడవి అంచుల దాకా పాకిన ఇళ్లు. 2006లో అక్కడి అగ్నిమాపక సిబ్బంది ఒక పామును పట్టారు. బోవా కన్‌స్ట్రిక్టర్. విషం లేదు. ఎరను చుట్టేసి, రక్తప్రసరణ ఆగేదాకా బిగించి చంపుతుంది. గోధుమరంగు ఒళ్లు, ముదురు మచ్చలతో ఆ ప్రాంతంలో అందరూ ఎరిగిన పామే. ఈసారి చిక్కిన దానికి మాత్రం ఒక్క మచ్చా లేదు. తల నుంచి తోక దాకా తెలుపు, ఆ తెలుపులో రెండు నల్లటి కళ్లు.

పామును నగరంలోని జూకు చేర్చారు. కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ ఆ తెలుపు ఖరీదెంతో తెలిసినవాళ్లు వేల మైళ్ల దూరంలో ఉన్నారు.

కళ్లు చూసి కొనే సరుకు

రంగు పాముల వ్యాపారి ముందు చూసేది కళ్లనే. ఆల్బినో బోవాకు కళ్లు ఎర్రగా ఉంటాయి. నలుపునిచ్చే మెలనిన్ ఒంట్లో తయారుకాదు కాబట్టి కంటిలోని రక్తనాళాల ఎరుపు బయటికి కనిపిస్తుంది. పసుపు, ఎరుపు రంగుల కణాలు మాత్రం తమ పని తాము చేసుకుపోతుంటాయి. అందుకే ఆల్బినో బోవా పూర్తిగా తెల్లగా ఉండదు, నారింజ, లేత గులాబీ కలిసిన రంగులో ఉంటుంది. నితెరోయ్ పాము తీరు వేరు. ఒంటి మీద ఏ రంగూ లేదు, కళ్లు మాత్రం నల్లన. దీన్ని లూసిజం అంటారు. మెలనిన్ తయారీలో వచ్చిన లోపం కాదిది. అసలు రంగు కణాలే చర్మంలో లేకపోవడం.

ఆల్బినో బోవాలు 1990ల్లో అమెరికా మార్కెట్లోకి వచ్చినప్పుడు అపురూపం. పిల్లలు ఎక్కువయ్యేకొద్దీ ధర దిగింది. తెల్ల బోవా అలా కాదు. అలాంటిది ఇంకొకటి ఉన్నట్టు అప్పటికి వ్యాపారుల్లో ఎవరూ ఎరగరు. అది ఎవరి చేతిలో పడితే మార్కెట్ వాళ్లదే.

గయానా దారి

అమెరికా ప్రాసిక్యూటర్లు 2013లో మోపిన అభియోగాల ప్రకారం తర్వాత జరిగింది ఇది. యూటా రాష్ట్రంలోని ఒక పాముల పెంపకందారు బ్రెజిల్ వెళ్లాడు. 2009లో తెల్ల బోవా బ్రెజిల్ సరిహద్దు దాటి గయానా చేరింది. అక్కణ్నుంచి తప్పుడు కాగితాలతో అమెరికాలో దిగింది. అడవి జంతువులతో వ్యాపారాన్ని బ్రెజిల్ 1967లోనే చట్టంతో నిషేధించింది. అమెరికాలో 1900 నాటి లేసీ చట్టం ఉంది. వేరే దేశపు చట్టాన్ని మీరి పట్టిన జంతువును దిగుమతి చేసినా, కొన్నా, అమ్మినా అది నేరమే అంటుంది. ఆ పాముకు కొత్త పేరు వచ్చింది: ‘ప్రిన్సెస్ డైమండ్’. తన దగ్గర తెల్ల బోవా ఉందని ఆ పెంపకందారు దాచుకోలేదు సరికదా, గర్వంగా చాటుకున్నాడు.

ఎందుకంటే అసలు బేరం పాముతో కాదు. పామును అమ్మితే డబ్బు ఒక్కసారే. దాని జన్యువును అమ్మగలిగితే ఏటేటా.

ప్లాస్టిక్ టబ్బుల గది

ఇలాంటి పెంపకం జరిగే గదులు దాదాపు ఒకేలా ఉంటాయి. గోడ పొడవునా అరలు, అరల్లో ప్లాస్టిక్ టబ్బులు, కింద వెచ్చదనానికి కరెంటు పట్టీలు, ప్రతి టబ్బుకూ ఒక చీటీ. తెల్ల ఆడపాముతో మామూలు మగపామును జతకడతారు. ఆ తెలుపు గుప్త జన్యువు (రెండు ప్రతులూ ఉంటేనే బయటపడేది) వల్ల వచ్చిందైతే పిల్లలన్నీ మామూలు రంగులోనే పుడతాయి. అయినా ప్రతి పిల్ల తల్లి జన్యువును ఒకటి మోస్తుంది. వ్యాపారులు దీన్ని ‘హెట్’ అంటారు. రెండు హెట్‌లను, అంటే అన్నాచెల్లెళ్లను కలిపితే నాలుగింట ఒక పిల్ల తెల్లగా పుట్టే అవకాశం ఉంటుంది. మిగతా మూడింట్లో రెండు జన్యువును మోస్తాయి, ఒకటి మోయదు. ఏది ఏదో కంటికి తెలియదు. చీటీ మీద ‘66 పర్సెంట్ హెట్’ అని రాసి అమ్మేస్తారు. అంత ఓపిక లేనివాడు కొడుకును తల్లితోనే జతకడతాడు. అప్పుడు పిల్లల్లో సగం తెల్లవి.

మేనరికాల గురించి డాక్టర్లు చెప్పే మాట మనకు కొత్త కాదు. మేనమామ, మేనకోడళ్ల బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వికుల నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఈ గదుల్లో అది నాలుగింట ఒకటి. ఆపై తరాల్లో ఇంకా పెరుగుతుంది. రంగు జన్యువు జంటగా చేరినట్టే, దాగి ఉన్న లోపాలూ జంటగా చేరతాయి.

బోవా గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. దాదాపు నాలుగు నెలలు మోసి ఒక్కో కాన్పులో ఇరవై, ముప్పై, ఒక్కోసారి అరవై దాకా కంటుంది. పెంపకందారు టబ్బు మూత తీస్తాడు. పలచటి పొర చించుకుని తలలు బయటపెట్టినవి కొన్ని. ఫలించని గుడ్లు పసుపు ముద్దలుగా పడి ఉంటాయి. పొరలోనే ప్రాణం పోయినవి, వెన్ను వంకర తిరిగినవి ఉంటాయి. ఒక ఆల్బినో పిల్లను చేతిలోకి తీసుకుంటాడు. ఎడమ వైపు ఎర్రటి కన్ను. తల ఇటు తిప్పితే, కుడి కన్ను ఉండాల్సిన చోట నున్నటి పొలుసులు.

ఇది ఫలానా మనిషి గదిలో జరిగిందని కాదు. ఆల్బినో బోవాల్లో ‘కాల్’, ‘షార్ప్’ అని పెంపకందారుల పేర్లతో రెండు వంశాలున్నాయి. చూడ్డానికి దగ్గరగా ఉన్నా, రెంటినీ కలిపితే పిల్లలు మామూలు రంగులో పుడతాయి. రంగును పోగొట్టిన లోపం రెండు వంశాల్లో వేర్వేరు జన్యువుల్లో ఉందన్నమాట. కాల్ వంశంలో కన్ను లేకుండానో, చిన్న కన్నుతోనో పుట్టే పిల్లల సంగతి పెంపకందారులందరికీ తెలుసు. విరుగుడూ తెలుసు. పరాయి రక్తం కలపాలి. అలా కలిపితే ఆల్బినో పిల్ల కోసం మరో తరం ఆగాలి. ఆడ బోవా మూడు, నాలుగేళ్లకు గానీ ఈడుకు రాదు. ఈలోగా పక్కవాడు అమ్ముకుంటాడు, ధర పడిపోతుంది. చిక్కంతా ఈ తొందరతోనే.

చివరికి మిగిలింది

అధికారులు వెంటపడేసరికి తెల్ల పాము చచ్చిపోయిందని పెంపకందారు చెప్పాడు. దాని సంతానాన్ని బ్రెజిల్‌కు తిరిగి పంపారు. నితెరోయ్ అడవిలో తిరగాల్సిన పాము మాత్రం తిరిగి రాలేదు.

ఈ మోజు మన గుమ్మం దాకా వచ్చేసింది. బోవాలు, రంగు రంగుల పైథాన్‌లు నగరాల్లో పెంపుడు జంతువులుగా చేతులు మారుతున్నాయి. సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్న ఇలాంటి విదేశీ జంతువు ఇంట్లో ఉంటే వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024 నాటి నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పిల్లలు పుట్టినా, చేతులు మారినా, చచ్చిపోయినా తెలపాలి. కాబట్టి ఎవరైనా అరుదైన రంగు పాము ఉందంటే మూడు సంగతులు అడగండి: ఎక్కణ్నుంచి వచ్చింది, తల్లీతండ్రీ ఏవి, నమోదు పత్రమేది? మూడింటికీ జవాబు లేకపోతే కొనకండి. కొనేవాడు లేనప్పుడే ఆ పాము అడవిలో మిగులుతుంది.