వార్మ్‌హోల్ భావన: వంతెన నుంచి ప్రయాణ మార్గం దాకా - చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

విశ్వంలో సుదూర ప్రదేశాలను కలిపే దగ్గరి దారిగా వార్మ్‌హోల్ నేడు సుపరిచితం. అయితే ఈ భావన ప్రయాణం కోసం పుట్టినది కాదు. పదార్థ స్వరూపాన్ని గురించిన ప్రశ్నలో పుట్టి, అర్ధశతాబ్దం తరువాత ఒక నవల కారణంగా ప్రయాణ సమస్యగా రూపొందింది. ఈ పరిణామాన్ని, దాని ఫలితాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కణానికి ప్రతిరూపంగా వంతెన:

సాధారణ సాపేక్ష సిద్ధాంతంలో కణాన్ని బిందువుగా భావిస్తే, ఆ బిందువు వద్ద విలువలు అనంతమై సమీకరణాలు చెల్లకుండా పోతాయి. ఈ చిక్కును తొలగించడానికి ఐన్‌స్టీన్, నాథన్ రోజెన్‌లు 1935లో కణాన్ని రెండు స్థలాలను కలిపే వంతెనగా ప్రతిపాదించారు. 1957లో చార్లెస్ మిస్నర్, జాన్ వీలర్‌లు విద్యుదావేశాన్ని ఇదే మార్గంలో వివరించారు. బలరేఖలు ప్రవేశించే ద్వారం రుణావేశంగాను, అవి వెలువడే ద్వారం ధనావేశంగాను కనిపిస్తాయని వారి భావన. పురుగు తొలిచిన రంధ్రాన్ని తలపించే 'వార్మ్‌హోల్' అనే పేరు ఈ సందర్భంలోనే వచ్చింది. 1962లో రాబర్ట్ ఫుల్లర్, వీలర్‌లు ఐన్‌స్టీన్-రోజెన్ వంతెన స్థిరంగా నిలవదని, కాంతి దాటేలోపే తెగిపోతుందని నిరూపించారు.

3. నవల వేసిన ప్రశ్న:

కార్ల్ సేగన్ 'కాంటాక్ట్' (1985) నవలను రచిస్తున్నప్పుడు, నాయిక నక్షత్రాంతర ప్రయాణం శాస్త్రసమ్మతంగా ఉండేందుకు భౌతిక శాస్త్రవేత్త కిప్ థార్న్ సలహా కోరాడు. ఆ ఆలోచన ఫలితమే 1988లో మైకేల్ మోరిస్, థార్న్‌లు ప్రకటించిన వ్యాసం. పదార్థాన్ని ముందు నిర్ణయించి, అది స్థలకాలాన్ని ఎలా వంచుతుందో గణించడం సాధారణ పద్ధతి. వారు దీనిని తలకిందులు చేశారు. ప్రయాణికుడు తట్టుకోగల బలాలు, ఏడాదికి మించని ప్రయాణకాలం వంటి నియమాలకు తగిన మార్గాన్ని ముందుగా రూపొందించి, అందుకు ఎలాంటి పదార్థం కావాలో గణించారు. మార్గం మూసుకుపోకుండా నిలవాలంటే రుణశక్తి అవసరమని తేలింది.

4. రుణశక్తి పరిమితులు:

రుణశక్తి కేవలం ఊహ కాదు. రెండు లోహ ఫలకాల మధ్య శూన్యంలో అది ఏర్పడుతుందని 1948లో హెండ్రిక్ కాసిమిర్ చేసిన గణన సూచిస్తుంది. అయితే క్వాంటం నియమాలు దాని పరిమాణాన్ని, వ్యవధిని కట్టడి చేస్తాయని లారెన్స్ ఫోర్డ్, థామస్ రోమన్‌లు 1996లో చూపారు. 2018లో హువాన్ మాల్దసేనా, అలెక్సీ మిలెఖిన్, ఫెడర్ పొపోవ్‌లు దాటగలిగిన వార్మ్‌హోల్‌ను గణితపరంగా నిర్మించారు. కాని అందులోంచి వెళ్ళడానికి బయటి దారికంటే ఎక్కువ సమయం పడుతుంది. అంటే ద్వారం మిగిలింది, దగ్గరిదనం పోయింది.

5. ముగింపు:

వార్మ్‌హోల్ ఇంతవరకు పరిశీలనలో కనిపించలేదు. కనుక నక్షత్రయానానికి శాస్త్రం దారి చూపిందనడం సరికాదు. అలాగని ఆ ప్రశ్న నిష్ఫలమూ కాదు. ప్రకృతి రుణశక్తిని ఎంతవరకు అనుమతిస్తుందన్న మౌలిక సమస్యపై పరిశోధనకు అది బలమైన ప్రేరణనిచ్చింది. సాహిత్యం శాస్త్రం నుంచి వస్తువును స్వీకరించడం పరిపాటి. ఇక్కడ శాస్త్రమే ఒక నవల నుంచి ప్రశ్నను స్వీకరించింది. సాహిత్య, శాస్త్ర సంబంధాలను పరిశీలించేవారు ఈ రెండవ దిశను కూడా గమనించవలసి ఉంది.